రామలక్ష్మమ్మ నాకిన బండ

మా అత్త రామలక్ష్మమ్మకు ఈ లోకంలో రోత పుట్టించనిది నీళ్ళొక్కటే. మిగిలినవన్నీ రోతే. అన్నంలో వెంట్రుక వస్తే ఎవరికైనా రోత. ఆమెకు వస్తుందేమోనన్న ఆలోచనే చాలు, ముద్ద దిగేది కాదు. ఒకరు తాగిన చెంబు ముట్టదు. సంతలో కొన్న బెల్లం మీద ఈగ వాలిన చోటు గుర్తు పెట్టుకొని, ఇంటికొచ్చి అంతమేర కత్తితో చెక్కి పారేస్తుంది. పెళ్ళిలో బంతిలో కూచుంటే, పక్కమనిషి చెయ్యి నాకిన చప్పుడుకే ఆకు మడిచి లేచిపోయేది. కన్నకొడుకు చీమిడి తుడిచిన కొంగును మరిగే నీళ్ళలో ఉడకబెట్టిందని ఊళ్ళో చెప్పుకొని నవ్వేవాళ్ళు. ఆ కొడుకే నా మొగుడు కాబట్టి నేను నవ్వలేకపోయేదాన్ని.

ఆమె నాకు మేనత్త కూడా. అందుకే కొంచెం చనువు. నాగలమడిక దగ్గర, ఏటి గట్టున, నాలుగు చేన్లూ ఒక జత ఎద్దులూ ఉన్న ఇల్లు అది. ఊళ్ళో పెద్దిల్లు అనేవాళ్ళు. మా మామ నరసప్ప మెతక మనిషి. ఇంట్లో చెల్లేది ఆయన తమ్ముడు రామాంజినప్ప మాట.

మా అత్తది పెద్దింటి పొగరని ఊరంతా అనుకునేది. నాకూ కాపురానికొచ్చిన కొత్తలో అట్లాగే అనిపించింది. తర్వాత చూస్తే ఆమె తన కన్నతల్లి ఎంగిలి చేసిన జామకాయ కూడా తినలేదు. అది కులం చూసి పుట్టే రోత కాదు. ఒళ్ళు చూసి పుట్టే రోత. ఉమ్ము, చెమట, చీము, చొంగ, ఇవి ఎవరివైనా ఆమెకు ఒకటే. కానీ ఈ తేడా ఎవరికి పట్టింది? ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకున్నారు.

యుద్ధం జరుగుతున్న కాలం. మైసూరు సీమలో బియ్యం, బెల్లం, కిరసనాయిలు అన్నీ కంట్రోలు. ఆకాశానికి మాత్రం ఎవరూ కంట్రోలు పెట్టకుండానే వాన ఆగిపోయింది. పినాకిని ఇసకలో చెలమ తీస్తే మొదట్లో చెంబుడు ఊరేది, తర్వాత గుక్కెడు, ఆఖరికి తడి ఇసకే వచ్చింది. మా కర్రెద్దు ఇంకా నిలబడుతోంది. తెల్లెద్దు పడుకుంటే లేవడం లేదు. రోజూ పొద్దున్నే మగవాళ్ళు చేరి, కడుపు కింద మోకు వేసి, ఎత్తి నిలబెట్టాలి. వాన పడేనాటికి ఎద్దులు లేకపోతే విత్తు పడదు, విత్తు పడకపోతే ఆ యేడు ఇంట్లో గింజ ఉండదు. ఇంత తెలియనివాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

నీళ్ళు మిగిలిన చోటు ఒక్కటే, గొడుగుకొండ మీద పెద్దదొన. దొన అంటే బండల నడుమ వాననీళ్ళు నిలిచే గుంట. గుంట అన్నానని చిన్నదనుకోవద్దు. ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టున ఉన్నవాళ్ళు చెవికి చెయ్యి పెట్టుకోవాలి. ఎన్ని ఎండలొచ్చినా అది ఎండిందని ఎవరూ వినలేదు. కొండకు పుల్లరి, అంటే మేత పన్ను, కట్టేది గొర్రెల మందలవాళ్ళు. నీళ్ళ మీద, గడ్డి మీద హక్కు వాళ్ళది. కరువొచ్చినప్పుడు మా ఎద్దుల్ని కొండ వెనక వాలు నుంచి పైకి తోలితే, వాన పడేదాకా వాళ్ళే తమ మందతో కలిపి చూసుకునేవాళ్ళు. దానికి బదులు వాళ్ళు అడిగేది ఒక్కటే, వరద పాశం నాడు తమ తర్వాత మా ఇంటివాళ్ళు నాకడం.

వరద పాశం ఈ కాలంవాళ్ళకు తెలియకపోవచ్చు. వాన రాకపోతే కొండెక్కి, దొన పక్కన కొర్రబియ్యం, బెల్లం, గొర్రెపాలు వేసి పాశం కాచి, దాన్ని ఉత్త బండ మీద పోస్తారు. చేతులు వీపు మీద పెట్టుకొని, మోకాళ్ళ మీద వంగి, పశువుల మాదిరి నాలుకతో నాకాలి. మనుషులు ఇంత దిగజారినా దేవుడికి జాలి లేదా అని అడగడమన్నమాట. మా వైపు దానికొక వరస ఉండేది. ముందు గొర్రెలు, వెనక ఎద్దులు. అంటే ముందు మందలవాళ్ళ పెద్దావిడ నాకాలి, ఆ చోటనే మా ఇంటి పెద్దావిడ నాకాలి, ఆ తర్వాత అందరూ. అంతకు ముందు యేడు మా అత్త వంగింది, లేచింది. పని అయిందనే అనుకున్నాం.

ఈసారి పాశానికి రెండురోజుల ముందు, మందలవాళ్ళ పెద్ద బొమ్మన్న, అతని తల్లి మారెమ్మ మా గడప ముందుకొచ్చారు. మారెమ్మకు ఒక్క పన్ను లేదు, దవడలో పొగాకు ఉండ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

"ఏం రామలక్ష్మమ్మా, ఈ యేడన్నా నాకుతావా, పోయినేడు మాదిరి బండకి వాసన చూసి లేస్తావా?"

"అట్లంటావేంది మారెమ్మక్కా, నాకింది కదా," అన్నాడు మా మామ.

"యాడ నాకింది నరసప్పా? నాకినోళ్ళకి ముక్కుకి పాశం అంటాది. మీ ఆడమనిషి ముక్కు తోమిన చెంబు మాదిరి ఉన్నింది. నాకు పండ్లు పొయినాయి గానీ కండ్లు పోలేదప్పా."

రామాంజినప్ప అరుగు మీద నుంచి లేచాడు. "ఎద్దులకి గుక్కెడు నీళ్ళియ్యాలంటే మా ఆడోళ్ళ చేత బండలు నాకిస్తారా?"

"ముందు నాకేది మా అమ్మే కదప్పా. ఆమె ఆడది కాదా?" అన్నాడు బొమ్మన్న నెమ్మదిగా. "మాకేం పంతం లేదు. మా తాతల కాలం నుంచి ఇట్లే ఉండాది. మా ఎంగిలంటే మీకు రోత అయితే, మా గొర్రెలు తాగిన నీళ్ళు మీ ఎద్దులకి ఎందుకు? ఆమె నాకితే మర్నాడే తోలుకొని రాండి. నాకకుంటే మీ ఎద్దులు మీ గాటిపాటనే ఉండనీ."

వాళ్ళు వెళ్ళాక మా అత్త పెరట్లోకి పోయింది. కడిగిన రాతి మీద మజ్జిగ చుక్క వేసుకొని, వంగి, నాలుక బయటికి పెట్టి, మళ్ళీ లోపలికి లాక్కుంది. అది తన రాయి, తన మజ్జిగ. నన్ను చూసి సిగ్గుపడలేదు. "ఎట్లా మే?" అంది. "దీనికే నా గొంతు మూసుకుంటా ఉండాది. ఆ ముసల్దాని పొగాకు మీద ఎట్లా మే?"

ఎద్దుల్ని కట్టేసే గాటిపాటలో తెల్లెద్దు పడుకొని మెడ చాపి మమ్మల్నే చూస్తోంది.

పాశం నాడు తెల్లవారుతూనే కొండకు బయలుదేరాం. అది మరీ కష్టమైన కొండేమీ కాదు. ఎండ ముదిరేలోగా ఎక్కి, పొద్దు వాలేలోగా దిగిరావచ్చు. మొదట తంగేడు పొదలు, జెముడు డొంకలు. తర్వాత బోదగడ్డి, దాంట్లో కాలిబాట. ఆపైన గుండ్ల మధ్య నుంచి దూరిపోవాలి. మా అత్త తన నీళ్ళ బుడ్డికి గుడ్డ కట్టి చంకన పెట్టుకుంది. దారంతా ఆమెకు నరకమే. ముందు నడిచేవాడు ఉమ్మితే ఆ చోటు తప్పుకొని నడవడం. వెనకామె చీదితే కొంగు ముక్కుకు అడ్డం. గుండ్ల సందులో మనుషులు ఒకరి చెమట ఒకరికి రాస్తూ దూరుతుంటే, అందరూ పోయేదాకా ఎండలో నిలబడింది.

"నాలికకి సాన పట్టినావా రామలక్ష్మమ్మా?" అంది మా వీధి కెంచమ్మ.

"పట్టినా. ముందు నీ మీదనే చూస్తా, ఉండు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

సగం కొండ మీద ఒక చట్టుబండ ఉంది. అక్కడ కూచుంటే పినాకిని కనిపిస్తుంది, తెల్లటి ఇసక చార, అటూ ఇటూ ఎర్రటి బీళ్ళు. నేను అటే చూస్తున్నాను. మా అత్త అటు చూడలేదు. కింద మా ఇంటి వెనక గాటిపాట ఎక్కడుందో వెతుకుతోంది. ఇంత దూరానికి ఎద్దు కనిపించదని చెప్పాను. "లేసిందో లేదో," అంది.

పైకి చేరి, ఆఖరి గుండు చుట్టి తిరిగేసరికి, ఎదురుగా దొన. కింద ఇసక చూసిన కళ్ళతో అన్ని నీళ్ళు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. నల్లగా, నిండుగా, ఆకాశమూ గుండ్లూ తలకిందులుగా దాంట్లో. చల్లటి గాలి ముఖానికి తగిలింది. మా అత్త ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఎవరినీ పట్టించుకోకుండా గట్టున కూచుని, వేళ్ళ కొసలతో నీళ్ళను తాకి, ఆ తడిని కళ్ళకద్దుకుంది. పొద్దున్నుంచీ బిగుసుకున్న ఆమె ముఖం అప్పుడు కాస్త సడలింది.

అవతల పొయ్యిల మీద పాశం ఉడుకుతోంది. గొర్రెపాల వాసన, ఉన్ని వాసన, పొగ. ఈగలు అప్పుడే తెలుసుకున్నాయి. పోసే బండను తంగేడు పూలతో అలంకరించారు. దాని పక్కనే, కాస్త నీడలో, ఇంకో బండ మీద కూడా పూలు వరసగా పరిచి ఉన్నాయి. రామాంజినప్ప మమ్మల్ని అక్కడికి పిలిచాడు.

"వదినా, నీ చోటు ఇది," అన్నాడు గొంతు తగ్గించి. "నిన్ననే చిన్నరంగప్పని తోడుకొని వచ్చి, పేడేసి రుద్దించి కడిగించినా. ఆ పూల కింద మట్టితో గెనెం కట్టించినా. వాళ్ళ పాశం ఒక్క చుక్క గూడా ఇట్లా పారదు. మన ఇంట్లో వేరే కాపిచ్చి, కొత్త కుండలో తెచ్చినా. రంగప్ప దీని మీద పోస్తాడు. వాళ్ళకి కనపడేది పూలే. నువ్వు ముక్కు బాగా అద్ది నాకు. ఎద్దులు కొండెక్కుతాయి, మన నాలికా పదిలంగా ఉంటాది."

చిన్నరంగప్ప మా ఇంటి జీతగాడు. తల దించుకొని నిలబడ్డాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్తకు కావలసింది అచ్చంగా అదే కదా, కడిగిన బండ, ఎవరి నోరూ తగలని పాశం. ఆమె ఆ బండ మీది పూలనూ, దాని వాలునూ చూసింది.

"కడిగిన నీళ్ళు యాడికి పొయినాయి?" అంది.

"ఏంది?"

"పేడేసి కడిగించినావు కదప్పా. ఆ నీళ్ళు యాడికి పొయినాయి?"

"వాలు యాడుంటే ఆడికి పోతాయి. అంత దొన, కలిసిపోతాది. ఇదేం ప్రశ్న?"

ఆమె బండ వాలు వెంబడి కిందికి నడిచింది. నేనూ వెళ్ళాను. బండ మీద పచ్చటి చార ఎండి పొక్కులు కట్టి, నీళ్ళ దాకా పోయింది. గట్టు మూలన పేడ పీచు తెట్టెగా తేలుతోంది. దాని మీద ఈగలు ముసిరి, లేచి, మళ్ళీ ముసురుతున్నాయి. ఇంతసేపూ ఆ మూల నుంచి మా వైపు గాలి రాకపోవడం వల్ల వాసన తెలియలేదు. కొండ మీద గొర్రెలూ మనుషులూ తాగే నీళ్ళు అవి, రేపు మా ఎద్దులు తాగవలసినవి.

మా అత్త ఉమ్మదు. ఉమ్మడం కూడా ఆమెకు రోతే. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మరిది వైపు తిరిగి చూసింది. ఆమె ముఖం ఎన్ని రోతల్లో చూసి ఉంటానో లెక్కలేదు. అట్లాంటి చూపు మాత్రం అంతకు ముందు చూడలేదు.

డోలు మొదలయింది. పాశం పోశారు. మారెమ్మ చేతులు వీపు మీద పెట్టుకొని, "మ్యా" అని గొర్రె మాదిరి అరిచి, వంగింది. పండ్లు లేని నోరు, చప్పరించే చప్పుడు, పెదవి చివర నుంచి పొగాకు రసం జారి పాశంలో సన్నటి గోధుమరంగు దారమై పారింది. ఆ దారం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

"ఎద్దులొచ్చినాయి!" అని కేకేశారు.

రామాంజినప్ప తన పూల బండ పక్కన నిలబడి రమ్మని కళ్ళతో సైగ చేస్తున్నాడు. చిన్నరంగప్ప కుండ వంచి పోశాడు. మా అత్త ఆ బండ దాకా పోయి, దాన్ని దాటి, మారెమ్మ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. చేతులు వీపు మీద పెట్టుకుంది. మారెమ్మ నాలుక పోయిన జాడలోనే తన నాలుక పెట్టింది. ఒకసారి నాకి ఆగింది. మళ్ళీ నాకింది. మళ్ళీ. మింగింది. తల ఎత్తేసరికి ముక్కుకు, గడ్డానికి పాశం అంటి కారుతోంది.

లేచి, దొనకు దూరంగా, గుండ్ల అవతలికి పరుగెత్తింది. పేగులు బయటికొచ్చేట్టు కక్కుకుంది. అంత బాధలోనూ నీళ్ళ వైపు మొహం తిప్పలేదు.

డోలు ఆగిపోయింది. రామాంజినప్పకు కోపం ఆగలేదు. "నీకోసమే కదా వదినా కొండెక్కి దిగి బండ కడిగించింది! నీకోసమే కదా వేరే పాశం కాపిచ్చింది! ఆ చోటు వదిలిపెట్టి ఈ ఎంగిట్లో పడినావేంది?"

ఎవరూ అడగకుండానే చెప్పేశాడు. చెప్పినట్టు ఆయనకు ఒక క్షణం తర్వాత తెలిసింది.

బొమ్మన్న పోయి కాలితో పూలు పక్కకు తోశాడు. కింద మట్టికట్ట. "ఇదేందప్పా రామాంజినప్పా, మా కొండ మీద చేనికి కట్టినట్టు గెనెం కట్టినావే! మా పాశం మీ ఇంట్లోకి పారతాదనా?"

మందలవాళ్ళు లేచారు. ఒకడు, ఎద్దుల మాటే లేదన్నాడు. ఇంకొకడు, పెద్దింటామె కక్కింది కాబట్టి మొక్కు చెడిందన్నాడు. మా మామ అందరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాడు.

"గమ్మునుండండ్రా!" అంది మారెమ్మ. మా అత్త గుండ్ల మధ్య నుంచి వస్తుంటే గడ్డం పట్టుకొని ముఖం వెలుగులోకి తిప్పింది. "ఈ ముక్కు చూడండి. నాకిందా, లేదా? కడుపులో నిలబడకుంటే అది ఆమె కడుపు. నా పొగాకు ఘాటుకి మా ఆయనే దగ్గరికొచ్చేటోడు కాదు. ఈమె నాకింది!"

నవ్వులు పుట్టాయి. గడ్డం మీద ఆ ముసలిచేయి తగిలిన చోటల్లా మా అత్త చర్మం ముడుచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"దొనలో పేడ పడినాది," అంది మా అత్త. "మా ఇంటోళ్ళు కలిపినారు. ముందు అది ఎత్తండి. మీ గొర్రెలు తాగుతాయి."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అందరూ పోయి ఆ మూల చూశారు. ఎంగిలి నాకినప్పుడు ఏమీ అనిపించనివాళ్ళు కూడా అప్పుడు ముక్కు మూసుకున్నారు. రామాంజినప్ప ఎవరితోనూ మాట్లాడకుండా కొండ దిగిపోయాడు. చెప్పినవాడు దిగిపోతే, చెప్పినట్టు చేసిన చిన్నరంగప్ప మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి బుట్టతో తెట్టె ఎత్తాడు. లోకం తీరు ఇంతే కదా అని నాకు అసహ్యం వేసింది. మా అత్త కొంగు ముక్కుకు కట్టుకొని, ఆకుదొప్పతో బండ మీది చారను గీకి గీకి ఎత్తిపోసింది. మధ్యమధ్య డోకు వస్తే పక్కకు పోయి వచ్చేది. నేనూ ఒక దొప్ప పట్టుకొని, ఆమె ఆపేదాకా ఆపలేదు. చేతులకు ఆ కంపు వారం దాకా పోలేదు.

బొమ్మన్న మాట తప్పలేదు. మర్నాడు ఎద్దుల్ని కొండ వెనక వాలు నుంచి తోలాం. కర్రెద్దు ఎక్కింది. తెల్లెద్దు సగం వాలులో మోకాళ్ళ మీద పడి, ఎన్ని మోకులు వేసినా లేవలేదు. ముందురోజే చావవలసిన ఎద్దని ఒకరు, రెండురోజుల ముందే చావవలసినదని ఒకరు అన్నారు. రామాంజినప్ప మాత్రం, కక్కినందుకే దేవుడు చూపించాడన్నాడు. పురోహితుణ్ణి పిలిపించి, మందలవాళ్ళ ఎంగిలి తిన్నదానికి శుద్ధి చేయించాలనీ, పంచగవ్యం తాగితేగానీ వంటింట్లోకి రాకూడదనీ పట్టుబట్టాడు.

"దొనలో పేడ పోసింది చాలదని నా నోట్లో గూడా పోస్తావా?" అంది మా అత్త. వంటింట్లోకే పోయి, అన్నం వార్చింది. పురోహితుడు దక్షిణ లేకుండా తిరిగిపోయాడు.

ఈ కథ మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. రామలక్ష్మమ్మకు కొండదేవుడు కళ్ళు తెరిపించాడనీ, ఆ రోజుతో ఆమె రోతంతా పోయిందనీ కొందరు చేతులు జోడించి మరీ చెబుతారు. వినడానికే నాకు వెగటు. ఏ రోతా పోలేదు. చచ్చేదాకా ఆమె బెల్లం చెక్కే తినింది. ఇంకొకరి చెంబు ముట్టలేదు. పొగాకు వాసన సోకితే ముద్ద వదిలేసేది. కొర్రపాశం మా ఇంట్లో మళ్ళీ కాచలేదు. రోత ఉండగానే నాకింది. అది భక్తి అంటే నేనొప్పుకోను.

వాన ఆలస్యంగా వచ్చింది, పాశానికి దానికీ సంబంధం ఉందని ఎవరూ అనలేనంత ఆలస్యంగా. కర్రెద్దు బతికింది గానీ దానికి జత లేదు. అడగకుండానే బొమ్మన్న మందతో తిరిగే బక్క ఎద్దునొకదాన్ని తోలుకొచ్చి, దాన్ని కాడికి కట్టి, తానే మేడి పట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సాలు వంకరగానే పోయింది. ఉలవలు మాత్రం చల్లగలిగాం. రామాంజినప్ప ఆ కాడి వెనక నడవనని గట్టు మీద కూచున్నాడు.

మధ్యాహ్నం మా అత్త సంగటి తీసుకొచ్చింది. బొమ్మన్నకు, చిన్నరంగప్పకు, మా మామకు, తన కొడుక్కు ముద్ద చేతికి తగలకుండా పైనుంచి వేసింది. బొమ్మన్న తల ఎత్తి, "ఏంది రామలక్ష్మమ్మా, పిట్టలకి వేసినట్టు వేస్తావు?" అన్నాడు.

"నీ చెయ్యి అట్లుండాది. కడుక్కొని రాపో, దగ్గరికి వేస్తా."

అతను నవ్వుతూ కాలవ దగ్గరికి పోయాడు. మా అత్త మిగిలిన సంగటి గిన్నెను గట్టున, రామాంజినప్పకు నాలుగు బారల దూరంలో పెట్టింది. వడ్డించలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.